‘డిస్ట్రెస్డ్’ అంటే బాధపడుతున్నవాడా, బాధితుడా?

క్లుప్తంగా: ‘డిస్ట్రెస్డ్’ అనే ఇంగ్లిష్ విశేషణానికి ‘తీవ్రంగా బాధపడుతున్న’ అనే అర్థం ఇవాళ స్థిరపడింది. కానీ ఆ మాట పుట్టుకలో ఉన్నది బాధ కాదు, పట్టు. గట్టిగా పట్టుకుని కదలనివ్వకపోవడం దాని మొదటి అర్థం. అక్కడి నుంచి అది ఆస్తి జప్తుకు, జప్తు చేసే అధికారానికి, మనసుకు పాకింది. తెలుగులోకి వచ్చేసరికి ఈ ఒక్క మాట రెండుగా చీలుతుంది. బయటి దెబ్బ తగిలినవాడు ‘బాధితుడు’, లోపల నలిగిపోతున్నవాడు ‘బాధపడుతున్నవాడు’. ధాన్యం అమ్మకాలు, వలసలు, ప్రసవాలు, మానసిక ఆరోగ్యం గురించిన కబుర్లలో ఈ మాట తికమక పెడుతున్నది ఈ చీలిక దగ్గరే.

ఒకే మాట, నాలుగు చోట్ల

శ్రీకాకుళం జీటీ రోడ్డులో ఏ బట్టల షాపుకు వెళ్లినా మోకాళ్ల దగ్గర చిరుగులు పెట్టిన జీన్స్ ప్యాంట్లు కనిపిస్తాయి. కొన్నిటి లేబుల్ మీద ‘డిస్ట్రెస్డ్’ అని ఉంటుంది. అదే ఊళ్లో ప్రసవం గది బయట నిలబడ్డ బంధువులకు నర్సు వచ్చి ‘ఫీటల్ డిస్ట్రెస్’ అంటున్నారు, ఆపరేషన్ చేయాలి అని చెబుతుంది. కోతల రోజుల్లో పత్రిక తిరగేస్తే ‘డిస్ట్రెస్ సేల్’ అనే మాట తగులుతుంది. కాలేజీలో మానసిక ఆరోగ్యం మీద సదస్సు పెడితే వచ్చిన డాక్టరు ‘ఎమోషనల్లీ డిస్ట్రెస్డ్’ పిల్లల గురించి మాట్లాడతారు.

ప్యాంటుకు మనసు లేదు. గర్భంలో ఉన్న శిశువు దిగులు పడి కూర్చోలేదు. ధాన్యం ఏడవదు. నిఘంటువు తీస్తే మాత్రం మొదట కనిపించే అర్థం ‘బాధలో ఉన్న, వ్యాకులపడిన’ అనే. ఆ అర్థం పట్టుకుని ఈ నాలుగింటినీ అర్థం చేసుకోబోతే మూడు చోట్ల పొంతన కుదరదు. ప్యాంటు సంగతి తేలికే. కొత్త వస్తువును కావాలని రాపాడించి, చింపి, ఎన్నో కష్టాలు పడి వచ్చినట్టు కనిపించేలా చేయడం అక్కడి అర్థం. పాతబడినట్టు కనిపించే కుర్చీలకూ బల్లలకూ కూడా ఈ మాటే వాడతారు. దాన్ని పక్కన పెడితే, మిగతా మూడూ ఒక తాడుకు కట్టి ఉన్నాయి.

లాటిన్‌లో పలుపు

లాటిన్‌లో ‘స్ట్రింగెరె’ అంటే బిగించడం, బిగించి లాగడం. దానికి ముందు ‘డిస్’ చేరితే ‘విడిగా, చెరో పక్కకు’ అనే భావం కలుస్తుంది. అలా తయారైన ‘డిస్ట్రింగెరె’కు చెరో వైపు లాగి పట్టడం, అడ్డుకోవడం, ఆపేయడం అనే అర్థాలున్నాయి.

బిగించడమూ, విడదీయడమూ ఒకే మాటలో ఎలా ఇముడుతాయని అనుమానం రావచ్చు. పొగరున్న గిత్తను లొంగదీసే పని చూసినవాళ్లకు ఆ అనుమానం రాదు. గోగు పంటను చెరువులో ఊరబెట్టి, నార తీసి, పురిపెట్టి పేనిన పలుపులు రెండు దాని మెడకు వేస్తారు. చెరో మనిషి చెరో పక్కన కాలు తన్నిపెట్టి లాగి పట్టుకుంటాడు. ఎంత లాగితే ముడి అంత బిగుస్తుంది. గిత్త ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. దాని మీద ఒక్క దెబ్బా పడలేదు. అయినా కాళ్లు వణుకుతాయి, ముక్కుపుటాలు ఎగిరిపడతాయి, కళ్లు పెద్దవవుతాయి. ఆ గిత్త ఉన్న స్థితి ‘డిస్ట్రిక్టుస్’. అంటే లాగి పట్టబడినది. ఆ వణుకు తర్వాత వచ్చినది, పట్టు ముందున్నది. ‘డిస్ట్రెస్డ్’ కథంతా ఈ రెంటి మధ్యే నడుస్తుంది.

‘స్ట్రింగెరె’ సంతానం ఇంగ్లిష్‌లో చాలానే ఉంది. పిల్లల్ని కట్టడిలో పెట్టే స్ట్రిక్ట్ మాస్టారు, రాకపోకలు ఆపే రెస్ట్రిక్షన్, కండరం పట్టేసినప్పుడు డాక్టరు చెప్పే స్ట్రెయిన్ ఆ కుటుంబమే. రెండు నేలల మధ్య ఇరుకుగా పారే సముద్రాన్ని కూడా ఇంగ్లిష్‌లో ‘స్ట్రెయిట్’ అంటారు, మనం జలసంధి అంటాం. ఇదీ అక్కడిదే.

లాటిన్ మాట పాత ఫ్రెంచిలోకి వెళ్లి ‘దెస్త్రెస్’ అయింది. అక్కడే దానికి రెండు ముఖాలు వచ్చాయి. నిర్బంధం ఒకటి, ఆ నిర్బంధంలో పడ్డవాడి వేదన రెండోది. 1300 ప్రాంతంలో ఇంగ్లిష్ ఈ రెండింటినీ కలిపే అరువు తెచ్చుకుంది. కాబట్టి ‘మొదట చట్టం మాట, తర్వాత మనసు మాట అయింది’ అని గీత గీసి చెప్పడం సరికాదు. రెండూ పక్కపక్కనే నడిచాయి. కాలం గడిచేకొద్దీ మొదటిది వకీళ్ల దగ్గర మిగిలిపోయింది, రెండోది జనంలో పడింది.

బందెలదొడ్డి చట్టం

వకీళ్ల దగ్గర మిగిలిన ఆ అర్థం ఏమిటో చూస్తే మాట అసలు పనితీరు బయటపడుతుంది. ఇంగ్లండు న్యాయంలో ‘డిస్ట్రెస్’ అంటే శిస్తు బాకీ పడ్డవాడి సొత్తు పట్టుకుపోవడం. కోర్టు తీర్పు అక్కర్లేదు. భూమి యజమాని నేరుగా వచ్చి పశువులనో సామానునో పట్టుకుపోవచ్చు. ఈ అధికారం మితిమీరకుండా 1267 నాటి మార్ల్‌బరో శాసనం కొన్ని హద్దులు పెట్టింది.

ఇందులో గమనించాల్సిన కిటుకు ఒకటుంది. మొదట్లో పట్టుకుపోయిన సొత్తును అమ్ముకునే హక్కు యజమానికి లేదు. దొడ్లో కట్టేసి ఉంచుకోవడం వరకే. బాకీ తీరిస్తే వదిలేయాలి. అంటే ఉద్దేశం ఆవు కాదు, ఆవు లేక ఇంట్లో వాడు పడే ఇబ్బంది. పాలు లేవు, దుక్కి లేదు, ఊళ్లో తలెత్తుకోలేడు, చివరికి ఎక్కడో అప్పు చేసి తెచ్చి కడతాడు. పట్టింది పశువును, బిగిసింది మనిషికి. అమ్ముకునే హక్కు 1689 చట్టంతో గానీ రాలేదు.

మన పల్లెల్లో ఒకప్పుడు పేరు చెబితే వెన్ను జలదరించే బందెలదొడ్డి సరిగ్గా ఇదే పద్ధతి. చేలో పడ్డ పశువును తోలుకెళ్లి దొడ్లో పెడతారు, రుసుము కడితే వదులుతారు. 1871 నాటి పశువుల ఆక్రమణ చట్టం దీనికి దేశమంతటా ఒక రూపు ఇచ్చింది. పంట పాడు చేసిన పశువును నష్టం చెల్లించేదాకా పట్టి ఉంచే హక్కును ఇంగ్లిష్ న్యాయం కూడా ‘డిస్ట్రెస్’లో ఒక రకంగానే లెక్కవేసింది.

ఈ మాట ఉత్తరాంధ్ర గడప తొక్కింది శిస్తు కాగితాల మీదనే. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల్లో వసూలు భారం జమీందారు మీద, జమీందారు భారం రైతు మీద పడింది. 1864 నాటి మద్రాసు రెవెన్యూ వసూళ్ల చట్టంలోనూ, 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూముల చట్టంలోనూ బాకీదారు సొత్తు పట్టుకునే పద్ధతికి వాడిన ఇంగ్లిష్ మాట ‘డిస్ట్రెయింట్’, అంటే డిస్ట్రెస్‌కు తోబుట్టువు. రైతు నోట అది జప్తు. పంట కళ్లంలో ఉండగా జప్తు కాగితం వస్తే కుప్ప మీద చెయ్యి వేయడానికి లేదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి గానీ జప్తు అనే మాట పోలేదు. ఇంటిపన్ను బకాయిలకు మున్సిపాలిటీలు ఇచ్చే నోటీసుల్లోనూ, భరణం కట్టనివారి మీద కోర్టులు జారీ చేసే వారంటుకు వకీళ్లు పెట్టుకున్న ‘డిస్ట్రెస్ వారంట్’ అనే పేరులోనూ అది ఇంకా బతికే ఉంది. పుట్టిల్లయిన ఇంగ్లండులో మాత్రం అద్దె బాకీకి సొత్తు పట్టే ఆ పాత హక్కు 2014 ఏప్రిల్ 6తో రద్దయింది.

పట్టకూడని వస్తువుల జాబితా చూసినా అప్పటి ఆలోచన అర్థమవుతుంది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం ఒంటి మీది బట్టలు, వంటపాత్రలు, పడక, చేతివృత్తివాడి పనిముట్లు, రైతు బతుకుతెరువుకు కావలసిన పశువులు, ఆచారం ప్రకారం స్త్రీ మెడలోంచి తీయకూడని నగలు జప్తు చేయకూడదు. ఎంత బిగించినా ఊపిరి ఆడనివ్వాలన్న లెక్క అది.

డిస్ట్రిక్టూ డిస్ట్రెస్సూ

దారిలో ఒక చిన్న మలుపు. ‘డిస్ట్రిక్ట్’ అనే మాట కూడా ఈ డిస్ట్రింగెరె కడుపున పుట్టిందే. నేరస్థుడిని పట్టే అధికారం, ఆ అధికారం చెల్లే మేర, చివరికి ఆ మేరలోని నేల అన్నట్టుగా దాని అర్థం మారుతూ వచ్చింది. 1950 ఆగస్టు 15న ఏర్పడిన శ్రీకాకుళం, 1979 జూన్ 1న ఏర్పడిన విజయనగరం, 2022 ఏప్రిల్ 4న విడివడిన పార్వతీపురం మన్యం ఇంగ్లిష్ లెక్కలో ‘పట్టు చెల్లే నేలలు’. మనం వాడే ‘జిల్లా’ అరబ్బీ నుంచి వచ్చింది, దాని మూలార్థం పక్కటెముక, పక్క. మాటల పుట్టుక చూస్తే కలెక్టరాఫీసు బోర్డు మీద ఇంగ్లిష్‌లో పట్టు ఉంది, తెలుగులో పక్కటెముక ఉంది.

పట్టు లోపలికి వెళ్లిన తీరు

బయటి పట్టుకు పుట్టిన మాట లోపలి నొప్పికి పేరవడం డిస్ట్రెస్ ఒక్కదానికే జరగలేదు. ‘యాంగ్విష్’ లాటిన్‌లో ‘ఇరుకు’ అనే మాట నుంచి వచ్చింది. ‘యాంగ్జైటీ’కి మూలం గొంతు నొక్కడం. గుండెనొప్పికి డాక్టర్లు వాడే ‘యాంజైనా’ కూడా ఆ వంశమే. ‘డిప్రెషన్’ అంటే కిందికి నొక్కడం. మనవాళ్లు రోజుకు పదిసార్లు అనే ‘టెన్షన్’కు మూలార్థం సాగదీయడం. పొలాల మీదుగా పోయే హైటెన్షన్ వైర్లదీ, పదో తరగతి రిజల్ట్స్ టెన్షన్‌దీ ఒకే తల్లి.

ఇక ‘స్ట్రెస్’ అయితే చాలావరకు ‘డిస్ట్రెస్’ తల తెగి మిగిలిన మొండెమే. ఇరుకు అనే అర్థమున్న మరో ఫ్రెంచి మాట కూడా అందులో కలిసింది. 19వ శతాబ్దంలో ఇంజనీర్లు దాన్ని దూలం మీద పడే ఒత్తిడికి వాడుకున్నారు. ఆ ఒత్తిడికి దూలం వంగడాన్ని స్ట్రెయిన్ అన్నారు. కారణానికి ఒక మాట, ఫలితానికి ఒక మాట. వైద్యంలోకి వచ్చేసరికి ఈ తేడా చెరిగిపోయింది. మాంట్రియల్‌లో పనిచేసిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే ఎలుకల మీద చేసిన ప్రయోగాలను 1936లో ప్రకటించాడు. చలి, గాయం, విషం వంటి వేరువేరు దెబ్బలకు శరీరం ఒకే తీరుగా స్పందిస్తుందని చెప్పాడు. తర్వాత ఆ స్పందనకే స్ట్రెస్ అని పేరు పెట్టాడు. అంటే దూలం వంపుకు బరువు పేరు పెట్టినట్టయింది. ఇంకా తర్వాత, మేలు చేసే ఒత్తిడి వేరు, కీడు చేసేది వేరు అంటూ రెండోదాన్ని డిస్ట్రెస్ అన్నాడు. తలకాయ కోల్పోయిన మాటకు మళ్లీ తలకాయ అతికించినట్టు.

‘స్ట్రెస్‌లో ఉన్నాడు’ అన్నప్పుడు పని ఎక్కువైందో, మనిషి కుంగాడో ఇప్పటికీ తేలకపోవడానికి ఒక కారణం ఈ పేరు పెట్టడంలోనే ఉంది.

తెలుగు లెక్క వేరు

తెలుగులో ఈ కుటుంబానికి దగ్గరి బంధువులు అచ్చంగా దొరుకుతారు. ‘సంకటం’ అనే సంస్కృత పదానికి తొలి అర్థం ఇరుకు, ఇరుకు దారి. ప్రాణసంకటం అంటున్నప్పుడు ప్రాణం ఇరుకులో చిక్కిందనే. ‘ఇరకాటం’లో ఇరుకు పైకే కనిపిస్తుంది. పద్యాల్లో పాపం అనే అర్థంలో వచ్చే ‘అంహస్సు’ వేదకాలంలో ఇరుకుకూ ఆపదకూ పేరు. భాషాశాస్త్రం లెక్కన లాటిన్ ‘ఇరుకు’కు, యాంగ్విష్‌కు అది దూరపు చుట్టం.

అన్నిటికన్నా దగ్గరిది ‘బాధ’. సంస్కృతంలో బాధ్ ధాతువుకు నొక్కడం, అడ్డగించడం, వేధించడం అని అర్థాలు. దానికి ‘ఇత’ చేరితే ‘బాధిత’. డిస్ట్రెస్‌కు ‘ఎడ్’ చేరితే ‘డిస్ట్రెస్డ్’. అచ్చు అదే కుట్టు. పుట్టుకను బట్టి చూస్తే డిస్ట్రెస్డ్‌కు సరిసమానమైన తెలుగు మాట ‘బాధితుడు’.

కానీ వాడుక ఒప్పుకోదు. తుఫాను బాధితులు, వరద బాధితులు, చిట్‌ఫండ్ బాధితులు అంటాం. పరీక్ష పోయి ముసుగు తన్ని పడుకున్న కుర్రాడిని ఎవరూ ‘బాధితుడు’ అనరు, ‘బాధపడుతున్నాడు’ అంటారు. బాధితుడు అనగానే వినేవాడు ‘దేనికి? ఎవరివల్ల?’ అని అడుగుతాడు. బాధపడుతున్నాడు అంటే ‘పాపం’ అని ఊరుకోవచ్చు. మొదటి మాట వెనక ఒక చెయ్యి కనిపిస్తుంది, రెండోదాని వెనక కనిపించదు. ఇంగ్లిష్ ‘డిస్ట్రెస్డ్’ ఈ రెండింటినీ ఒకే సంచిలో వేసింది.

2018 చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు కొందరు పాకిస్తాన్ చేతికి చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర వారిని అప్పగించారు. ఆ ఏడాది పైచిలుకు కాలం కరాచీ జైల్లో ఉన్నవాళ్లకు డిస్ట్రెస్ లాటిన్ అర్థంలో వర్తిస్తుంది, వాళ్లను పట్టి కదలనివ్వలేదు. ఊళ్లో ఎదురుచూసిన ఆడవాళ్లకు ఇవాళ్టి ఇంగ్లిష్ అర్థంలో వర్తిస్తుంది. ఇద్దరినీ ఒక్క మాటతో చెప్పగలగడం ఇంగ్లిష్‌కు కలిసొచ్చింది. తెలుగులో రెండు వాక్యాలు కావాలి.

అయితే తెలుగు పట్టును మరిచిపోలేదు, చోటు మార్చింది. ‘బెంగ పట్టుకుంది’, ‘భయం పట్టుకుంది’, ‘దిగులు పట్టుకుంది’ అంటాం. ఈ వాక్యాల్లో కర్త మనిషి కాదు, బెంగ. అది వచ్చి పట్టుకుంటుంది. శ్రీకాకుళం పల్లెల్లో పెద్దవాళ్లు డాక్టరు దగ్గర ‘ఏటో గుండె పట్టేసినట్టున్నాది బాబూ’ అనడం మామూలే. ఇటుపక్క ‘బెంగెట్టుకున్నాడు’ అనీ అంటారు. అప్పుడు పట్టింపు మనిషిదే అవుతుంది, కాస్త నింద కూడా తోడవుతుంది. బెంగ పట్టుకున్నవాడి మీద జాలి, బెంగ పెట్టుకున్నవాడి మీద విసుగు. క్రియ ఒక్కటి మారితే తప్పు ఎవరిదో మారిపోతుంది.

‘వేదన’ తీరు ఇంకొకటి. విద్ అనే ధాతువు నుంచి వచ్చిన ఆ మాటకు మూలంలో తెలియడం, అనుభవానికి రావడం అనే అర్థం. బౌద్ధులు వేదనను సుఖం, దుఃఖం, రెండూ కానిది అని మూడు రకాలు చేశారు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద ఒకప్పుడు ఉన్న బౌద్ధ భిక్షువులకు సుఖం కూడా వేదనే. తెలుగులో మాత్రం నొప్పి ఒక్కటే మిగిలింది. ఇది పాతకాలపు ముచ్చట అనుకోనక్కర్లేదు. ‘ఫీల్’ అనే ఇంగ్లిష్ మాటకు మన కళ్లముందే ఇదే జరిగింది. ‘వాడు బాగా ఫీలయ్యాడు’ అంటే నొచ్చుకున్నాడనే, సంతోషించాడని కాదు.

కళ్లం దగ్గర పట్టు

‘డిస్ట్రెస్ సేల్’ను కొన్నిసార్లు ‘బాధతో అమ్ముకోవడం’ అని తర్జుమా చేస్తారు. అందులో అసలు సంగతి జారిపోతుంది. కళ్లం దగ్గర ఏం జరుగుతుందో చూస్తే పట్టు ఎక్కడుందో కనిపిస్తుంది.

2025-26 సీజనుకు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఈ ప్రాంతంలో అలవాటైన 80 కిలోల బస్తా లెక్కన 1,895 రూపాయలు. ఆ ధర రావాలంటే తేమ 17 శాతం దాటకూడదు. నూర్చిన ధాన్యం నాలుగు రోజులు ఎండాలి. ఎండబెట్టాలంటే చోటు కావాలి, కావలి కావాలి, మబ్బు పట్టకూడదు. తుఫాన్లు వచ్చే నెలలూ కోతల నెలలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. గోనె సంచులు అందాలి, లారీ దొరకాలి, మిల్లులో దిగాలి, డబ్బు ఖాతాలో పడాలి. ఇటువైపు ఎరువుల షాపులో బాకీ, కోత మిషను కిరాయి, సంక్రాంతి ఖర్చు, అల్లుడి రాక. ఇవన్నీ రోజులు లెక్కపెట్టుకుని కూర్చుంటాయి. అప్పుడు ఒక వ్యాపారి కళ్లంలోకే వచ్చి, తేమ అడగకుండా, చేతిలో నోట్లు పెట్టి తక్కువ ధర చెబుతాడు.

రైతు ఆ ధరకు ఇవ్వడం అమాయకత్వం కాదు, లెక్కలోనే ఇస్తాడు. వారం ఆగితే వచ్చే ఎక్కువ డబ్బు కంటే వారం ఆగలేకపోవడం వల్ల పోయేది ఎక్కువ. రెండు పలుపులు చెరో పక్క లాగుతున్నాయి. అతని ముఖంలో బాధ కనిపించినా కనిపించకపోయినా అది డిస్ట్రెస్ సేలే. ‘తెగనమ్ముకోవడం’ అనే తెలుగు మాట దీనికి బాగా సరిపోతుంది. ‘గత్యంతరం లేని అమ్మకం’ అన్నా సరిపోతుంది.

‘డిస్ట్రెస్ మైగ్రేషన్’కూ ఇదే కొలత. శ్రీకాకుళం పల్లెల నుంచి హైదరాబాదు, చెన్నై, విజయవాడ కట్టడాలకు వెళ్లే అందరూ ఈ మాట కిందికి రారు. ఊళ్లో పని ఉండి కూడా ఎక్కువ కూలి కోసం వెళ్లినవాడు వలస కూలీ, అంతే. ఇంటి దగ్గర నెల గడిచే దారి మూసుకుపోయి, ఇంటికి తాళం వేసి, పిల్లల చదువు మాన్పించి రైలెక్కినవాడిది వేరే. ‘వెళ్తే బాగుంటుంది’కీ ‘ఉండడానికి లేదు’కీ మధ్య తేడా అది. బయలుదేరేటప్పుడు ఏడ్చారా లేదా అన్నది కొలబద్ద కాదు.

రెండు అర్థాలూ ఒకేసారి కలిసే చోటు కూడా ఉంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. వరి పోతే మళ్లీ ఏడాది వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా నేల అక్కడే ఉంటుంది, ఆదాయం ఉండదు. అలాంటి తోటలో నిలబడ్డ మనిషి ప్రభుత్వ జాబితాలో తుఫాను బాధితుడు. ఆర్నెల్ల తర్వాత నిద్ర పట్టక రాత్రంతా వసారాలో కూర్చుంటే బాధపడుతున్నవాడు. మొదటిదానికి పరిహారం ఉంది, దరఖాస్తు ఉంది, సర్వే నంబరు ఉంది. రెండోదానికి వచ్చేసరికి ‘మనసు గట్టి చేసుకో’ అనే సలహా మిగులుతుంది. ఒకే పట్టుకు రెండు కొసలు, రెండు వేరే ఆఫీసులకు వెళ్లాయి.

ఆసుపత్రిలో పట్టు

‘ఫీటల్ డిస్ట్రెస్’ అన్నప్పుడు బంధువులు ఎక్కువగా అడిగేది ‘బిడ్డకి కష్టంగా ఉందా?’ అని. డాక్టరు చూస్తున్నది గుండె వేగం. గర్భంలోని శిశువు గుండె సాధారణంగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. నొప్పులు వచ్చినప్పుడల్లా గర్భసంచి బిగుసుకుని, బిడ్డకు అందే రక్తం కాసేపు తగ్గుతుంది. బొడ్డుతాడు నొక్కుకుపోయినా, మెడకు చుట్టుకుని బిగిసినా ప్రాణవాయువు అందడం తగ్గి గుండె వేగం పడిపోవచ్చు. ఇక్కడ లాటిన్ మాట అక్షరాలా నిజం. తాడు ఉంది, పట్టు ఉంది. అర్థం అనుభూతి వైపు లాగకుండా ఉండాలని కూడా కాబోలు, కొన్ని దేశాల ప్రసూతి వైద్యులు ఈ పేరు మాని, గుండె చప్పుడు భరోసా ఇచ్చేలా లేదు అనే అర్థమున్న మాటకు మారారు.

మానసిక వైద్యంలో తిరకాసు మరోలా ఉంటుంది. అక్కడ ‘డిస్ట్రెస్డ్’ రోగం పేరు కాదు. డిప్రెషన్‌కు నిర్ణీత లక్షణాలు, అవి కనీసం రెండు వారాలు ఉండాలన్న లెక్క ఉన్నాయి. డిస్ట్రెస్‌కు అలాంటి గీత లేదు. అప్పు, చావు, కొట్లాట, ఉద్యోగం పోవడం వంటివి ఎవరినైనా డిస్ట్రెస్‌లో పడేస్తాయి, పట్టు సడలితే చాలామంది తేరుకుంటారు. సడలకపోతే అది డిప్రెషన్‌కు దారి తీయవచ్చు. డిస్ట్రెస్ అనగానే రోగం అంటగట్టి మాత్రలు వెతకడం ఒక పొరపాటు. డిప్రెషన్‌ను ‘అప్పు తీరితే అదే పోతుంది’ అని కొట్టిపారేయడం రెండోది. మన దగ్గర రెండోదే ఎక్కువ.

దీన్ని కొలవడానికి ప్రపంచమంతటా వాడే ప్రశ్నావళుల్లో ఒకటి రోనల్డ్ కెస్లర్ బృందం 2002లో ప్రకటించింది. గడచిన నాలుగు వారాల్లో కారణం లేకుండా అలిసిపోయారా, నిలకడ లేకుండా ఉన్నారా, ప్రతి పనీ భారమైందా వంటి పది ప్రశ్నలు. మొత్తం మార్కులు 10 నుంచి 50. ఆ పదిలో ఒక్కటి కూడా ‘దేనివల్ల?’ అని అడగదు. గిత్త ఎంత వణుకుతోందో కొలుస్తుంది, పలుపు ఎవరి చేతిలో ఉందో అడగదు. కొలబద్దగా అది తప్పు కాదు, దాని పని అంతవరకే. కానీ ఆ మార్కులు చూసి ‘ఈ ఊళ్లో ఇంతమంది డిస్ట్రెస్డ్’ అని రాసేటప్పుడు పాఠకుడి మనసులో మెదిలేది లోపలి సగమే.

ప్రశ్నలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇంకో ఇబ్బంది. ‘మీకు బాధగా ఉంటోందా?’ అని అడిగితే చాలామంది మోకాలో నడుమో చూపిస్తారు. బాధ అంటే ఒంటినొప్పి కూడా కదా. లోపలిది చెప్పడానికి జనం శరీరం మాటలే వాడతారు: తల బరువు, గుండెదడ, ఒళ్లు మంటలు, తిండి సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం. ఈ జాబితా విని రక్తపరీక్ష రాసి పంపేస్తే అసలు కబురు దారిలోనే ఆగిపోతుంది. ‘దేనికి బెంగపడుతున్నారు?’ అనే ప్రశ్నకు కొడుకు పేరో, అప్పిచ్చినవాడి పేరో ముందు బయటకు వచ్చే అవకాశం ఎక్కువ.

చట్టం మాత్రం ఒకచోట బయటి పట్టును గుర్తించే మాట వాడింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి ‘తీవ్రమైన స్ట్రెస్’లో ఉన్నాడనే, వేరేలా రుజువైతే తప్ప, భావించాలి. శిక్షించకూడదు. అతనికి సంరక్షణ, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది. చట్టం అక్కడ రోగం పేరు పెట్టలేదు. మనసు విప్పి మాట్లాడాలనుకునేవారి కోసం 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

సముద్రం మీద

సముద్రం మీద ఈ మాట తన పాత అర్థాన్ని గట్టిగానే నిలబెట్టుకుంది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. భావనపాడు, కళింగపట్నం, బారువ వైపు నుంచి వేటకు వెళ్లేవాళ్లకు ‘డిస్ట్రెస్’ అంటే ఓడ ఆపదలో ఉందన్న కబురు. చేపల పడవల కోసం ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత పరికరం పేరులోనే ఆ మాట ఉంది, డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్. 2010 నుంచి వాడకంలో ఉన్న ఈ పెట్టె మీద బటన్లు ఉంటాయి. మంటలు, పడవ మునక, మనిషి నీళ్లలో పడటం, వైద్య సాయం. నొక్కితే ఏ పడవ, ఎక్కడ ఉంది, ఏ ఆపద అన్నది ఉపగ్రహం ద్వారా తీరానికి చేరుతుంది. పడవలో ఉన్నవాళ్లు ఎంత భయపడుతున్నారో అది అడగదు, దేనికి చిక్కారో అడుగుతుంది.

మొదటి తరం పెట్టెలో ఒక లోటు ఉండేది. కబురు వెళ్లిందో లేదో పడవలో ఉన్నవాళ్లకు గట్టిగా తెలిసే దారి లేదు. బటన్ నొక్కి చీకట్లో కూర్చోవడమే. 2024లో వచ్చిన రెండో తరం పరికరంలో దాన్ని సరిచేశారు. తీరంలో కబురు అందగానే, అందినట్టు పడవకు తిరుగు జవాబు వస్తుంది.